పుస్తకం నచ్చకపోతే పోనీ, నా డబ్బా ఇవ్వండి

మా అమ్మాయి స్కూల్లో చదివే తెలుగు పిల్లల తల్లిదండ్రులకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. పొద్దున్నే అందులో, పిల్లలకి స్కూల్లో చెబుతున్న ఒక పుస్తకం మీద ఒకావిడ మెసేజ్. "పిల్లలకి ఆ స్పానిష్ వాళ్ళ బస్తీ గోల ఎందుకండీ? మంచి క్లాసిక్ ఏదైనా చెప్పొచ్చుగా?" కింద పదకొండు బొటనవేళ్ళు! నా కాఫీ చల్లారింది కానీ నేనింకా చల్లారలేదు.

పుస్తకం 'ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్'. సాండ్రా సిస్నెరోస్ రాశారు, 1984లో వచ్చింది. నూరు చిల్లర పేజీల్లో 44 చిన్న చిన్న ముక్కలు. కుక్కర్ విజిల్ వచ్చేలోపు రెండు చదివేయొచ్చు. చదివితే కదా! పేరులో మామిడి ఉందని పచ్చళ్ళ పుస్తకం అనుకున్నారేమో.

షికాగోలో మెక్సికన్ కుటుంబానికి చెందిన ఎస్పెరాంజా అనే పిల్ల, వాళ్ళ వీధి, ఆ వీధిలో ఆడవాళ్ళు. అందులో రఫేలా అని ఒకామె. మరీ అందంగా ఉంది, పారిపోతుందేమోనని మొగుడు మంగళవారం డామినోలు ఆడటానికి పోతూ ఆమెని లోపల పెట్టి తాళం వేస్తాడు. ఆమె కిటికీలోంచి బట్టలారేసే తాడుకి కాగితం సంచీ కట్టి దించితే, పిల్లలు కొబ్బరి జ్యూసో బొప్పాయి జ్యూసో కొని అందులో పెట్టి పంపుతారు. ఇది స్పానిష్ వాళ్ళ గోలా? పెళ్ళాం కారు నేర్చుకుంటానంటే "ఎందుకులే, నేనున్నాగా" అనే మొగుళ్ళని మన గ్రూప్‌లోనే చూపించనా? వద్దులెండి, అడ్మిన్ గారికి బీపీ.

అసలు నాకు మండింది అందుక్కాదు. మ్యాంగో స్ట్రీట్‌కి రాకముందు వాళ్ళు ఒక అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉంటారు. పెచ్చులూడిన పెయింటు, పిల్లలు పడిపోకుండా కిటికీకి నాన్న కొట్టిన చెక్కలు. దారినపోయే స్కూల్ నన్ ఒకామె అది చూసి, అక్కడా నువ్వుండేది అన్నట్టు అడుగుతుంది. ఆ పిల్ల చచ్చినంత సిగ్గుపడుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట మా సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కి ఇదే మహాతల్లి వచ్చింది. గుమ్మంలోనే ఆగి "అయ్యో, ఇందులోనా ఉంటున్నారు?" అంది. మా ఫోల్డింగ్ కుర్చీని టిష్యూతో తుడిచి మరీ కూర్చుంది. నేను మాత్రం నవ్వుతూ పులిహోర పెట్టి, మిగిలింది డబ్బాలో కట్టిచ్చాను. అమ్మ తన పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బా. ఇంతవరకు తిరిగిరాలేదు.

క్లాసిక్‌ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డబ్బా పంపించండి మేడమ్, మూత మీద "సుబ్బలక్ష్మి" అని ఉంటుంది.