మంచు పువ్వుకి చేతికూలా? హవ్వ!

మార్గశిరం వచ్చిందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మంచు కురవడం మొదలవుతాది. ఆకాశం నుంచి కాదండి, మా పిన్ని ఒళ్ళోంచి. తెల్ల కాటన్ దారం, కొస కొక్కెంలా వంగిన స్టీలు క్రోషే సూది, ఎదురుగా టీవీలో సీరియల్, రాత్రి భోజనాల టైముకి చూస్తే నక్షత్రాలు, గంటలు, మంచు పువ్వులు కుప్ప పడుంటాయి, అన్నీ క్రిస్మస్ చెట్లకి కట్టడానికే. నిజం మంచు రేకకి ఆరే కొసలుంటాయి, నీళ్ళు గడ్డకట్టేటప్పుడు అణువులు అలాగే ఆరు మూలలుగా సర్దుకుంటాయి కాబట్టి. పిన్ని ఎనిమిది పెడతాది. ఇదేటి పిన్నీ అంటే "ఎనిమిదైతే నిండుగా ఉంటాదిరా" అంటాది. దేవుడు సరిగ్గా ఆలోచించలేదన్నమాట.

అల్లడంతో అయిపోదు. దారం కదా, అలాగే వేలాడదీస్తే తడిసిన అప్పడంలా ముడుచుకుపోతాది. అందుకని గంజిలో ముంచి, పిండి, థర్మాకోల్ మీద పరిచి ప్రతి కొసకీ గుండుసూది గుచ్చి ఆరబెట్టాలి. ఫెవికాల్ నీళ్ళయినా పరవాలేదు. పంచదార నీళ్ళతో కూడా బిగుసుకుంటాది గానీ అప్పుడు పండగ చీమలకి.

సరే, అసలు విషయానికొస్తాను, ఇది చాలా సీరియస్ విషయం. ఈ మధ్య కొందరు ఆడవాళ్ళు దీనికి డబ్బులడుగుతున్నారు. దారం డబ్బులైతే ఇస్తాం, మనం మనుషులమే. కానీ చేతికూలి అంట! సీరియల్ చూస్తూ చేసినదాన్ని పని అంటారా? మరి మా బాబాయి ఆఫీసులో ఫోన్ చూస్తూ చేసేది ఏటని కొందరు అడగొచ్చు. అది వేరు. దానికి జీతం వస్తాది కాబట్టి అది పని. దీనికి రాదు కాబట్టి ఇది టైంపాస్, టైంపాస్ కాబట్టి డబ్బులివ్వక్కర్లేదు, ఇంతకన్నా గట్టి లాజిక్ ఎవరైనా చెప్తే వింటాను.

అచ్చమైన క్రోషే అల్లే మిషన్ ఫ్యాక్టరీల్లో లేదు, మిషన్ లేసులన్నీ దాన్ని పోలినవే. అంటే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే క్రోషే నక్షత్రం వెనక కూడా ఎక్కడో ఒక పిన్ని ఉంది. పిన్నులుండగా మిషన్ ఎందుకని ఎవరూ కష్టపడినట్టు లేదు. నరసాపురం చూడండి, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు, ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని అల్లితే విదేశాలకి పోయింది, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని సర్కారు ఇచ్చే ముద్ర, అది కూడా వచ్చింది. గుర్తింపు లేసుకి వచ్చింది, చేతులకి కాదు. అదీ పద్ధతి.

నా భయమల్లా ఈ లక్ష్మివారాలతోనే. ఈ నెలంతా లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్ళల్లో మాణబస అని లక్ష్మి పూజ, బియ్యప్పిండి ముగ్గులేసి కథ చదువుతారు, మనవాళ్ళూ వెళ్ళి కూర్చుంటారు. కథేటంటే, జగన్నాథుడు అన్న బలభద్రుడి మాట పట్టుకుని లక్ష్మిని ఇంట్లోంచి పంపేస్తాడు, ఆవిడ సిరినంతా వెంటబెట్టుకుపోతాది, అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు అడుక్కుతిని చివరికి ఆవిడ గుమ్మంలోకే అన్నానికి వస్తారు, షరతులకి ఒప్పుకున్నాకే ఆవిడ తిరిగొస్తాది. సరిగ్గా అల్లిక సీజన్‌లో ఆడవాళ్ళకి ఇలాంటివి వినిపించడం ఏమన్నా బాగుందా? ఈ కథని వేసవి సెలవులకి మార్చాలని పెద్దలకి నా మనవి, వేసవిలో మనకి నక్షత్రాల అవసరం ఉండదు.

పోయిన లక్ష్మివారం పిన్ని కథ విని వచ్చి నోటుబుక్కు తీసింది. దారం ఇంత, గంజి ఇంత, చేతికూలి ఇంత అని రాసుకుంటా కూర్చుంది, పైగా టీవీ కట్టేసి అల్లుతోంది. ఇప్పుడు దాన్ని టైంపాస్ అని ఎలా అనాలో నాకు తెలీడం లేదు.