ఈ సీజన్‌లోనూ ఎవరూ ఓడిపోలేదు

చదరంగాన్ని కనిపెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. కానీ ఆటలో ఒక పెద్ద లొసుగు వదిలేసి పోయారు. ఇందులో టాస్ లేదు, పిచ్ లేదు, ఎల్బీడబ్ల్యూ ఇచ్చే అంపైరు లేడు. పేకాటలో అయితే ముక్కలు పడలేదని వాపోవచ్చు, ఇక్కడ అదీ కుదరదు. ఇద్దరికీ 16 పావులు, 64 గళ్ళు, అంతా బట్టబయలు. మరి ఓడిపోయినవాడు ఇంటికెళ్ళి పెళ్ళాం పిల్లలకు ఏం చెప్పుకోవాలి? ఫిడే అనే ప్రపంచ సమాఖ్య 1924లో పారిస్‌లో పుట్టింది. నూరేళ్ళు దాటినా ఆ సంగతి పట్టించుకోలేదు. కర్నూలు సీ క్యాంపులో ఒక మేడమీద ఆదివారాలు ఆడుకునే మా క్లబ్బు పట్టించుకుంది. ఈమధ్యే ముగిసిన మా సీజన్‌లో ఏడు రౌండ్లు ఆడాం. ఓడినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. మిగతా ఊళ్ళవాళ్ళు చూసి నేర్చుకుంటారని వివరాలు రాస్తున్నాను.

సంక్రాంతి పోగానే మొదలై శివరాత్రికి ముగియాలన్నది కార్యదర్శిగారి ప్రణాళిక. ముఖ్య అతిథిగారి డేటు దొరక్క మొదటి రెండు ఆదివారాలు కుర్చీలు వేసి, కుర్చీలు తీశాం. మూడో ఆదివారం ఆయన వచ్చారు. జ్యోతి వెలిగించారు, శాలువా కప్పించుకున్నారు, మొదటి బోర్డు దగ్గర నిలబడి ఫొటోకి తెల్ల రాజు ముందున్న బంటును పట్టుకుని ఏకంగా మూడు గళ్ళు తోశారు. చప్పట్లు మోగాయి. నిబంధన ప్రకారం అది చెల్లని ఎత్తు. బంటును వెనక్కి పెట్టి, అవతలివాడికి రెండు నిమిషాలు అదనంగా ఇవ్వాలి. నిబంధనలు చూసే ఆర్బిటరు నోరు తెరవబోతే కార్యదర్శి చెవిలో ఊదాడు: "ఊరకుండప్పా, వరండాకి రేకుల షెడ్డు ఏపిస్తామన్నాడు." అంతటితో ఆ బంటు అక్కడే ఉండిపోయింది. నల్లపావులతో కూర్చున్న ఎరువుల షాపు ఓనరు ఆటంతా గొంతుమీద కత్తిలాంటి ఆ బంటుతోనే వేగి, చివరికి చేతులెత్తేశాడు. ఈ సీజన్ మొత్తంలో నిఖార్సయిన కారణం చెప్పగలిగింది ఆయనొక్కడే. అందుకే క్లబ్బు దాన్ని అంగీకరించలేదు. షెడ్డు ఇంకా రాలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళ సంగతి చెప్పాలి. సమాన పాయింట్లున్నవాళ్ళను జత కలుపుతూ పోయే స్విస్ పద్ధతి పోటీలో ఒక రౌండుకి రాలేనని ముందే చెబితే అర పాయింటు బై ఇచ్చే సౌకర్యం ఉంది. ఎన్నిసార్లు ఇవ్వొచ్చో రాసిపెట్టుకోవాలి, మావాళ్ళు రాయడం మరిచారు. మా సభ్యుల్లో ఒకాయన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్. ముహూర్తాలున్న ప్రతి ఆదివారం ఒకరి పెళ్ళి ఫొటోలు తీసి, భోంచేసి, అర పాయింటు సంపాదించుకున్నాడు. అట్లా ఆ రౌండ్లలో బోర్డు ముఖం చూడకుండానే కొందరికంటే పైన నిలిచాడు. అడిగితే, "ఎవరి చేతిలోనన్నా ఓడితినా?" అని నిలదీశాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మా క్లబ్బులో బాగా ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ ఆటను ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాడు మాత్రం ఇతనే.

ఇక మామూలు కారణాలు. ఫ్యాను నేరుగా నెత్తిమీద తిరిగింది. ఫ్యాను అసలు తిరగలేదు. కిటికీలోంచి ఎండ పడి తెల్ల ఒంటె నల్లగా కనపడింది. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీ పదిహేనో ఎత్తు దగ్గర తిరగబడింది. ఇవన్నీ కొత్తగా చేరినవాళ్ళు చెప్పేవి, వీటికి పెద్ద గౌరవం లేదు. పాతకాపులది వేరే స్థాయి. రిటైర్డు తహశీల్దారుగారు మూడో రౌండులో గెలుపు అంచున ఉండగా ఆయన జేబులో ఫోను మోగింది. పోటీలో ఫోను మోగితే ఆట పోయినట్టే, ప్రపంచ పోటీల్లోనూ అదే రూలు. వచ్చేటప్పుడు రైతుబజార్లో అర కిలో బీరకాయలు తెమ్మని ఇంటినుంచి కబురు. సార్ పెన్ను మూత పెట్టి లేచి నిలబడి, ప్రత్యర్థికి చెయ్యి కూడా ఇవ్వకుండా ప్రకటించాడు: "నన్ను ఓడించింది నువ్వు కాదు, బీరకాయలు." స్కోర్‌షీటులో సంతకం పెట్టాల్సిన చోట కూడా అదే రాయబోతే ఆర్బిటరు బతిమాలి ఆపాడు.

అయిదో రౌండులో ఈ తహశీల్దారు సారే చట్టపరమైన సంక్షోభం తెచ్చిపెట్టాడు. ఆటకట్టు అయిపోయింది. అవతలి కుర్రాడు గడియారం ఆపి చెయ్యి చాపాడు. సార్ తన రాజును నింపాదిగా పైకి లేపి, గుర్రం ఎత్తు వేయించి, సందులోంచి బయటపెట్టాడు. మనదేశపు పాత పద్ధతిలో రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది. ఆ మాట నిజమే. బంటు కూడా మొదటి ఎత్తులో ఒక్క గడే కదిలేది. అయితే రాజుకు ఒక్క చెక్ పడ్డా ఆ దూకే హక్కు పోతుందని ఆ పాత పద్ధతే చెబుతుంది. పైగా సార్ అదే ఆటలో బంట్లను రెండేసి గళ్ళు తోశాడు. అదేమని కుర్రాడు అడిగితే, "రెవెన్యూలో పాత చట్టం, కొత్త చట్టం రెండూ అమల్లో ఉంటాయి బాబూ, ఏది ఎప్పుడు వర్తిస్తుందో అధికారి నిర్ణయిస్తాడు" అన్నాడు. వ్యవహారం అప్పీళ్ళ కమిటీకి వెళ్ళింది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, ఆ తర్వాత హైకోర్టు వస్తుంది వస్తుంది అని వింటూ పెరిగిన ఊరు మాది. న్యాయం చెప్పే అవకాశం చేతికొస్తే తేలిగ్గా వదులుతామా? ముగ్గురు సభ్యులు టీలు తెప్పించుకుని రెండు గంటలు వాదనలు విన్నారు. తీర్పు రిజర్వు చేశారు. ఇప్పటికీ రిజర్వులోనే ఉంది.

లెక్కల లెక్చరర్‌గారిది అంతర్జాతీయ స్థాయి. గెలిచే ఆటలో ఏనుగును ఉత్తపుణ్యానికి ఇచ్చేశాడు. లేచి వరండాలోకి వచ్చి చుట్టూ మూగినవాళ్ళకు పాఠం మొదలుపెట్టాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ పోటీ పద్నాలుగో గేమ్, డ్రా అయ్యే ఆట, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు, అంతే, పద్దెనిమిదేళ్ళ గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. "అంతటి డింగే ఏనుగుతో తప్పు చేశాడు" అని ముగించాడు. డింగ్‌ది నాలుగు గంటలు దాటిన ఆట, మీది పదకొండో ఎత్తు కదా సార్ అని ఎవరో నసిగారు. "ఆయన ఆలస్యంగా చేశాడు, నేను టైం వృథా చేయలేదు" అన్నాడు. అప్పట్నుంచి మా క్లబ్బులో ఏనుగు పోగొట్టుకున్నవాళ్ళంతా డింగ్ బంధువులే.

ఆ గుకేశ్ గెలిచాకే క్లబ్బుకి పిల్లల తాకిడి పెరిగింది. తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్నేళ్ళకు అవుతాడు సార్?" కార్యదర్శి బస్సు టైమింగ్స్ చెప్పినంత ధీమాగా ఏదో ఒకటి చెప్పి రసీదు చింపుతాడు.

ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే రేటింగుల విషయంలో మాత్రం ఫిడేకి మేం రుణపడి ఉన్నాం. 2024 మార్చి 1న ఆ సంస్థ 2000 లోపు రేటింగు ఉన్నవాళ్ళందరికీ, 2000కి ఎంత తక్కువుందో అందులో 40 శాతం కలిపింది. 1000 ఉన్నవాడు తెల్లారేసరికి 1400 అయ్యాడు. మా ఎరువుల షాపు ఓనరు 1450 నుంచి 1670కి పోయాడు, ఆ రాత్రి ఆయన చేసిందల్లా నిద్రపోవడమే. అందరికీ మిఠాయి పంచాడు. సాధన వల్లే సాధ్యమైందని చెప్పుకున్నాడు.

వ్యక్తిగత కారణాలన్నీ అయిపోయాక వాడేందుకు ప్రాంతీయ కారణం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని కనిపెట్టిందీ తహశీల్దారు సారే. కోనేరు హంపిది గుడివాడ. హరికృష్ణది, ద్రోణవల్లి హారికది గుంటూరు. "అన్నీ కాలవల కింద ఊళ్ళే కదా, గమనించినారా?" అంటాడు సార్. నీళ్ళు ఎక్కడికి పోతే గ్రాండ్‌మాస్టర్లు అక్కడ మొలుస్తారన్నది సిద్ధాంతం. కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా నీళ్ళలో సీమకు మొదటి ప్రాధాన్యం అని రాసుకున్నారు గానీ అమలు కాలేదని, అయ్యుంటే ఈపాటికి కల్లూరులో ఇద్దరు, కోడుమూరులో ఒకరు ఉండేవాళ్ళని ఆయన నోటితోనే లెక్కలు కట్టేస్తాడు. ఒడంబడిక అన్యాయం గురించి ఆయన చెప్పేది అక్షరాలా నిజం. కాకపోతే ఆ మాట ఎప్పుడూ ఆయన మంత్రి పోయిన అయిదు నిమిషాలకే వస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి ఓటమి లేకుండా బతకడానికి. గెలుపు తెచ్చే తిప్పలు వేరు. ఏడో రౌండుకి ముందు లెక్చరర్, ఎరువుల ఓనరు సమానంగా ఉన్నారు, రెండో బహుమతి ఎవరికన్నది టైబ్రేక్ తేల్చాలి. దాని పేరు బుక్‌హోల్జ్. నువ్వు ఎవరెవరితో ఆడావో వాళ్ళందరి పాయింట్లు కూడితే వచ్చేదే నీ లెక్క. అంటే నీ చేతిలో ఓడినవాళ్ళు మిగతావాళ్ళ మీద గెలిస్తే నీకు లాభం. ఈ రహస్యం తెలిసిన క్షణం నుంచి ఇద్దరి ప్రవర్తనా మారిపోయింది. రెండో రౌండులో తాను చిత్తు చేసిన ఇంటర్ కుర్రాడిని లెక్చరర్ ఇంటికి పిలిచి, దోసెలు పెట్టించి, కింగ్స్ ఇండియన్ అనే ఆరంభపు ఎత్తుల వరస నేర్పాడు. ఎరువుల ఓనరు తన చేతిలో ఓడిన నలుగురికీ శనివారం సాయంత్రం షాపులోనే కోచింగు పెట్టాడు. యూరియా బస్తాల మీద బోర్డులు పరిచి, కొనుగోలుదార్లను బయట నిలబెట్టాడు. ఎనిమిదో బోర్డు ఆయన ఒకరు నీరసంగా ఉన్నానంటే గ్లూకోజ్ ప్యాకెట్లు పంపాడు. ఓడించినవాడి క్షేమం కోసం ఇంతగా తపించిన విజేతలు కురుక్షేత్రంలో కూడా కనపడరు. ఆదివారం నాడు ఇద్దరూ తమ బోర్డులు వదిలేసి, తమవాళ్ళ బోర్డుల వెనక నిలబడి దండాలు పెట్టుకున్నారు. చివరికి లెక్చరర్ అర పాయింటు తేడాతో నెగ్గాడు. ఆ అర పాయింటు ఫొటోగ్రాఫర్ తిన్న పెళ్ళి భోజనంలోంచి వచ్చిందని ఎరువుల ఓనరు అప్పీలు చేశాడు. అదీ రిజర్వు.

మొదటి స్థానం గురించి చెప్పడం మరిచేలా ఉన్నాను. మా క్లబ్బులో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అయిదో తరగతి పాప ఒకతి ఆరు రౌండ్లు వరసగా గెలిచింది. కుర్చీలో కూర్చుంటే బోర్డు అందదు. వాళ్ళ నాన్న పాత పేపర్ల కట్ట ఒకటి తెచ్చి కింద వేసేవాడు. ఎత్తు వేసి, గడియారం నొక్కి, స్కోర్‌షీటులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని, అవతలివాళ్ళు ఆలోచించే అరగంటా కాళ్ళు ఊపుకుంటూ ఫ్యానుకేసి చూసేది. ఆట అయ్యాక "థాంక్యూ అంకుల్" అనేది. ఓడినవాళ్ళ మాట ఆరుగురిదీ ఒకటే: "చిన్నపిల్ల కదప్పా, ఏడుస్తాదేమోనని వదిలేస్తి." ఒక్క సీజన్‌లో ఒకే పాపమీద ఆరుగురు పెద్దమనుషులు ఇంత దయ చూపించిన ఊరు రాష్ట్రంలో ఇంకొకటి ఉండదు. అందులో ఒకాయన ఆ దయ చూపించేటప్పుడు చెమటతో చొక్కా తడిపేసుకున్నాడు. గెలుస్తూ పోతోంది కాబట్టి పాపకి కారణాలు చెప్పే అవసరమే రాలేదు. అందువల్ల ఆమెను క్లబ్బు మనిషిగా ఎవరూ లెక్కపెట్టలేదు, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లగానే చూశారు.

చివరి రౌండులో ఆమె తహశీల్దారు సార్‌తో ఓడిపోయింది. మొదటి బహుమతి ఎలాగూ ఖాయమే, అయినా హాలంతా నిశ్శబ్దం. కార్యదర్శి దగ్గరికెళ్ళి, "ఏమైంది తల్లీ?" అన్నాడు. పాప పెన్సిలు డబ్బా మూస్తూ చెప్పింది: "తాత ప్రతి ఎత్తుకీ ఆవలిస్తున్నాడంకుల్. చూసి చూసి నాకూ నిద్రొచ్చింది."

హాలు దద్దరిల్లింది. లెక్చరర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సార్ స్వయంగా పాప తల నిమిరి, కారణమంటే ఇదనీ, ఇలాంటిది ముప్ఫై ఏళ్ళలో వినలేదనీ అన్నాడు. అప్పటికప్పుడు కార్యవర్గం అక్కడే సమావేశమై ఆమెను పూర్తిస్థాయి సభ్యురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. పూర్తిస్థాయి సభ్యులకు పిల్లల రాయితీ వర్తించదు కనుక వచ్చే సీజన్ నుంచి పెద్దల ఫీజు కట్టాలని కూడా తీర్మానించింది. వాళ్ళ నాన్న పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని, దానిమీద అక్కడికక్కడే అప్పీలు రాసిచ్చాడు.