మా ఇంటి సెట్టు గోల

మా నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. పళ్ళు మాత్రం ఈ మధ్యే వచ్చాయి. గుంటూరులో ఒక పళ్ల డాక్టరు ఆయన్ని ఆరు వారాలు తిప్పి, నోట్లో మెత్తటి ముద్ద పెట్టి ఒకసారి, మైనం పెట్టి ఒకసారి కొలతలు తీసి, చివరికి ఓ ఆదివారం పొద్దున్న పైవరసా కిందవరసా కలిపి చేతిలో పెట్టాడు. కట్టుడు పళ్ళు అని మా ఇంట్లో ఎవరూ అనరు. పళ్ల సెట్టు అంటారు. తిప్పలన్నీ ఆ మాటతోనే వచ్చాయి.

అదే రోజు సాయంత్రం తెనాలిలో మా అబ్బాయికి పెళ్ళిచూపులు. నాన్నగారు కొత్త పళ్ళతో, పాత సిల్కు లాల్చీతో బయల్దేరారు. అక్కడ ఆయన నోరు విప్పితే ఒట్టు. వాళ్ళు పళ్ళెం నిండా జంతికలు పెడితే వాటివైపు శత్రువుని చూసినట్టు చూసి ముఖం తిప్పుకున్నారు. ఆయన బాధ మాకు తెలుసు. వాళ్ళకి తెలీదు కదా!

ఇక్కడ మా ఇంటి భాష గురించి కాస్త చెప్పాలి. మా నాయనమ్మ ఉన్న రోజుల్లో కూర కుదిరేది, సంబంధం కుదిరేది, జ్వరం కుదిరేది. ఆవిడ నీళ్ళబిందె కింద పెట్టుకునే గడ్డి చుట్టకుదురు సైతం ఆ మాటల చుట్టమే. పెరుగు మాత్రం తోడుకునేది, నగ అమిరేది. ఇప్పుడు ఇవన్నీ పోయి ఒక్క సెట్టు మిగిలింది. పెరుగు సెట్ అవలేదంటుంది మా ఆవిడ. కొత్త ఉద్యోగంలో సెట్ అయ్యానంటాడు మా వాడు. ఊళ్ళో పంపుసెట్టు కాలిపోయిందని కౌలురైతు ఫోను చేస్తాడు. సెట్ టాప్ బాక్సు ఆగిపోతే కేబుల్ అబ్బాయి వచ్చి, నెత్తిన ఒకటి కొట్టి, "సెట్ అయింది సార్" అని వెళ్ళిపోతాడు. పెళ్ళిమాట వచ్చినప్పటినుంచీ మా ఆవిడ నెక్లెస్ సెట్టు జపం చేస్తోంది. మా అన్నయ్య కూతురు ఎంసెట్ రాసింది. దాని పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అట గాని, మా ఇంట్లో ఆ పేరు ఇంకా సెట్ కాలేదు.

సరే, బుధవారం. పదకొండింటికి ఫోను చేసి పళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కుంటామని డాక్టరుగారి మనుషులు చెప్పారు. సరిగ్గా పదకొండుకి ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్కారమండీ. మొన్న ఆదివారం వచ్చి వెళ్ళారు కదా, సెట్ అయినట్టేనా? ఏమన్నా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి."

మొహమాటం వద్దన్నారు కదా అని చెప్పడం మొదలెట్టాను.

"చూడ్డానికి బ్రహ్మాండంగా ఉందండీ. తెల్లగా, చక్కగా ఉంది. చిక్కల్లా మా నాన్నగారితోనే. ఆయనకి బొత్తిగా సెట్ అవట్లేదు."

అవతల కాసేపు మాట లేదు. "మేమూ అనుకున్నామండీ. పెద్దాయన ఆ రోజు జంతిక కూడా ముట్టలేదు."

నాన్నగారు జంతిక ముట్టని సంగతి పళ్ల డాక్టరు మనిషికి ఎలా తెలిసిందని నాకు అనుమానం రావాలి. రాలేదు. పోనీలే, పేషెంట్ల మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను.

"ఏం ముడతారు పాపం! ఒకచోట కుదురుగా ఉంటే కదా! నోరు తెరిస్తే చాలు, టకటకా ఒకటే చప్పుడు."

"మా దగ్గరున్నప్పుడు అలాంటిదేం లేదే!" గొంతులో నొప్పి వినబడింది.

"మీ దగ్గర బాగానే ఉంటుంది లెండి. ఇంటికి తెచ్చుకున్నాకే కదా అసలు సంగతి బయటపడేది! రెండు మూడు చోట్ల అరగదీస్తే దారికొస్తుందని మా పక్కింటాయన అంటున్నాడు."

"అరగదీయడమేమిటండీ?"

"అదేనండీ. ఆ పనేదో మీరే చేసి పంపండి. అప్పటికీ సెట్ కాకపోతే వేరేది చూసుకుంటాం."

ఫోను ఠక్కున పెట్టేశారు. డాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ళకి ఇంత పొగరేమిటని విసుక్కుంటూ ఉండగా మళ్ళీ మోగింది. ఈసారి ఒక అమ్మాయి గొంతు. "సార్, తాతగారి పళ్ళు ఎలా ఉన్నాయి?"

మరైతే ఇందాక మాట్లాడిందెవరు? నాకు చెమటలు పట్టాయి. ఆ నంబరుకి తిరిగి చేస్తే ఎత్తలేదు. మా ఆవిడ వచ్చి నంబరు చూసి, "అది అమ్మాయి మేనమామగారిది కదండీ, ఏమన్నారేమిటి?" అంది. ఏమన్నారో పర్వాలేదు, నేనేమన్నానో ఎలా చెప్పను?

ఇందులో నా తప్పెంతో గాని, తెలుగు తప్పు కూడా ఉంది. మన భాషలో ఆడపిల్లకీ పళ్ల సెట్టుకీ ఒకటే క్రియ. ఉంది, వచ్చింది, నవ్వింది, ఊడింది. అబ్బాయి తరఫున మాట్లాడాను కాబట్టి ఇంత జరిగింది. అమ్మాయి తరఫు వాణ్ణయితే, "తెల్లగా ఉంది" అనగానే, ఉన్నాడు అనాలి కదా అని అవతలి మనిషి అక్కడే ఆపేవాడు.

మా అబ్బాయి అంతా విని, కోప్పడకుండా సెల్‌ఫోన్లో ఏదో వెతికి తెచ్చాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, ఇరవై సంపుటాలది, అందులో సెట్ అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలట. ఆ ఒక్క మాట వివరణే అరవై వేల పదాలట. "చూశావా నాన్నా, నువ్వొక్కడివే కాదు" అన్నాడు. తర్వాత రన్ అనే మాట 645 అర్థాలతో దాన్ని దాటేసిందని 2011లో చెప్పారట. దాటితే దాటనీ. మా ఇంట్లో రన్ వల్ల ఎవరి సంబంధమూ చెడలేదు. అయినా ఆ 430 క్రియ లెక్క. పళ్ల సెట్టు నామవాచకం, దాని ఖాతా వేరు. ఇంకా ఎన్ని ప్రమాదాలు పొంచి ఉన్నాయో!

చివరికి మా ఆవిడే అమ్మాయి తల్లికి ఫోను చేసి, "వదినగారూ, అవి మా మామగారి పళ్ళండీ" అని మొదలుపెట్టింది. అవతల నవ్వు వంటింట్లో ఉన్న నాకు వినబడింది. మేనమామగారికి మాత్రం నవ్వడానికి రెండు రోజులు పట్టిందట.

మళ్ళీ ఆదివారం వాళ్ళంతా మా ఇంటికొచ్చారు. అప్పటికి నాన్నగారి పళ్ళు అరగదీయించాం. ఆయన వరసగా రెండు జంతికలు కరకరా నమిలి చూపించారు. మేనమామగారు ఆ పళ్ళవైపు కాసేపు తేరిపార చూసి, సోఫాలో వెనక్కి వాలారు. కాఫీలయ్యాయి. ముహూర్తాల మాట వచ్చింది.

అమ్మాయి తల్లి, "చెప్పడం మర్చిపోయాను అన్నయ్యగారూ, మా అమ్మాయికి సెట్ వచ్చింది. నిన్ననే తెలిసింది" అంది.

లెక్చరర్ ఉద్యోగాల అర్హత కోసం ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు పెట్టే రెండు పేపర్ల పరీక్ష, ఏపీసెట్ అది. నాకు తెలుసు. నాన్నగారికి తెలీదు. ఆయన ముఖం జాలితో నిండిపోయింది.

"ఈ వయసులోనా తల్లీ! ఒకటేనా, రెండూనా?"

"రెండూ తాతగారూ" అంది ఆ అమ్మాయి సంతోషంగా. "రెండూ ఒకే రోజు. మొత్తం మూడు గంటల్లో అయిపోయింది."

నాన్నగారు నావైపు తిరిగారు.

"నన్ను ఆరు వారాలు తిప్పాడు కదరా! ఆ తెనాలి డాక్టరెవరో కనుక్కో."