ఒంటి రంగుకో రిజిస్టరా?

మనుషుల్ని ఒంటి రంగును బట్టి విడదీస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. దక్షిణాఫ్రికా నలభై ఏళ్లు ఆ పని చట్టం పెట్టి మరీ చేసింది. 1950 నాటి జనాభా నమోదు చట్టం కింద ప్రతి మనిషినీ తెల్లజాతి, నల్లజాతి, ‘కలర్డ్’ (మిశ్రమ జాతి) అని రిజిస్టర్లో రాసేశారు. భారతీయుల్ని తొలుత కలర్డ్‌లోనే కలిపేశారు.

ఎవరు ఏ జాతో తేల్చడానికి అధికారుల దగ్గర శాస్త్రమేమీ లేదు. చూడటానికి తెల్లగా ఉన్నాడా, చుట్టుపక్కలవాళ్లు తెల్లవాడిగా ఒప్పుకుంటున్నారా అన్నదే కొలత. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చేవారు. జారి కింద పడితే తెల్లజాతి, ఉంగరాల జుట్టులో ఇరుక్కుపోతే కాదు. ఏ బడిలో చదవాలి, ఎక్కడ ఇల్లు కట్టుకోవాలి, ఎవరిని పెళ్లాడాలి, ఓటుందా లేదా అన్నవన్నీ ఆ రాతను బట్టే. శాండ్రా లైంగ్ అనే పాప తల్లిదండ్రులు తెల్లజాతివారే. అయినా ఆ పాప ఒంటి చాయ, జుట్టు చూసి 1966లో, పదేళ్ల వయసులో, బడి నుంచి పోలీసులతో ఇంటికి పంపించేశారు. కలర్డ్ అని రాశారు. మరుసటి ఏడాదే మళ్లీ తెల్లజాతి అన్నారు. అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

ఈ గోడులో మనవాళ్లదీ భాగముంది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు ఎందరో. వాళ్ల పిల్లలూ మనవలూ ఉన్న డర్బన్‌లో భారతీయ కుటుంబాలను కేటో మానర్ నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు తరలించారు.

ఆ జనాభా నమోదు చట్టం 1991లో రద్దయింది. కానీ ఉద్యోగాల్లో సమానత్వం కోసం 1998లో తెచ్చిన చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సిబ్బందిలో ఏ జాతివారు ఎందరో ఇప్పటికీ లెక్క చెప్పాలి. ఇదీ పాత పాపమేనని వాదించేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. భూమినీ చదువునూ కొలువునూ రంగు చూసి లాక్కున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరి దగ్గర లాక్కున్నారో చూడొద్దంటే ఎలా? నష్టం పూడేదాకా ఆ లెక్క ఉండాల్సిందే. అన్యాయాన్ని సరిదిద్దడానికి తప్ప దాన్ని మరి దేనికీ వాడకూడదు.

ఒక్క విషయంలో మాత్రం మాకు గట్టి అభ్యంతరం ఉంది. అక్కడ ఉద్యోగి తన జాతి తానే ఫారంలో రాసిస్తాడు. రాయనంటే, ఉన్న రికార్డులు చూసి యజమాని రాసుకోవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. ఒకరి జాతిని ఇంకొకరు తేల్చే అధికారం ఆ దేశంలో ఎంత పని చేసిందో చూశాక కూడా ఆ వెసులుబాటు ఉంచడం తప్పు. దాన్ని వెంటనే తీసెయ్యాలి. చెప్పనన్నవాళ్ల పేరు ఎదుట ఖాళీ వదిలేస్తే సరిపోతుంది.