పద్యం మారిస్తే జనం వస్తారా?

"పాత నాటకాల భాష ఇప్పుడెవరికీ అర్థం కాదు. పద్యాలను వాడుక మాటల్లోకి మార్చి ఆడితే హాళ్లు నిండుతాయి. గురజాడ చేసింది అదేగా!" వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది.

అర్థం కాదా? చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి తిరునాళ్లకు వెళ్లి చూడండి. పగలు హరికథలో విన్న భారత ఘట్టాన్నే రాత్రి నాటకంలో తెల్లవార్లూ చూస్తారు. కథ ముందే చెవిన పడింది కాబట్టి పద్యంలో నాలుగు మాటలు జారినా ఎవరూ లేచిపోరు. పైగా "ఎప్పుడొస్తివి?" అని అడిగే సీమవాళ్లకు పద్యంలోని "వచ్చితీవు" ఏమంత పరాయిది?

ఇక మార్చడం. జంట కవులు తిరుపతి వేంకట కవుల భారత నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించే పద్యమే చూడండి:

బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్

ఇది శార్దూలమనే వృత్తం. పాదానికి 19 అక్షరాలు, 13వది యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. "వచ్చితీవు" తీసి "వచ్చావు" పెడితే ఒక అక్షరం తగ్గి గణం (గురు లఘువుల వరస) కూలుతుంది, హార్మోనియం ఒక దారి, గొంతు ఒక దారి. "భ్రాతల్" బదులు "తమ్ముల్" అంటే గణం నిలుస్తుంది గానీ, "బా"కు "భ్రా"తో కుదిరిన యతి పోతుంది. "బావా"ను "అన్నా" చేస్తే ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) కోసం మిగతా మూడు పాదాలూ తిరగరాయాలి. అప్పుడది కొత్త పద్యం. రాసుకోండి, కాకపోతే మీ పేరు పెట్టుకోండి.

గురజాడ పాత నాటకాన్ని తిరగరాయలేదు, కొత్తది రాశాడు. 1892లో ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909లో బాగా మార్చినా, ఆ మార్చింది రాసినాయనే. అందులోనిది ఆనాటి విజయనగరం పలుకు, ఇప్పుడదీ పాతదే. మీ లెక్కన దాన్నీ తిరుపతి యాసలోకి దించాలి. గిరీశం ఇంగ్లీషు ముక్కలు తీసేస్తే ఇంక గిరీశం ఎక్కడ?

జనం లేచిపోయేది ఆలాపనకు. ఇదే పద్యం మూడో పాదం "ద్రోణాది భూ" దగ్గర ఆగుతుంది, "దేవుల్" నాలుగో పాదంలో వస్తుంది. నటుడు "భూ" పట్టుకుని రెండు నిమిషాలు రాగం తీశాడంటే, భూదేవులు (బ్రాహ్మణులు) ఎవరో పండితుడికీ తట్టదు.

చేయాల్సింది చిన్న పని. పద్యానికి ముందు ఒకే వాక్యం వచనం: "బావా, ఇంట్లో అందరూ క్షేమమేనా?" వచనాన్ని ఎంతైనా తేలిక చేయండి, ఛందస్సు అడ్డురాదు. మొదటిసారి పద్యాన్ని రాగం లేకుండా, మాట మాటా విడగొట్టి చదవాలి. తర్వాత పాడేటప్పుడు ఊపిరి "వచ్చితీవు" తర్వాత తీసుకోవాలి, "భూ" తర్వాత మాత్రం వద్దు. ఆలాపన నాలుగో పాదం చివర ఒక్కసారి చాలు. మైకులో హార్మోనియం గొంతును మింగకుండా ఒకరు వెనక వరసలో కూర్చుని చూసుకోవాలి.