పొడవు చూసి జాతి చెప్పడం కుదరదండీ

వ్యాసం బాగుంది కానీ, పొడవు వెడల్పు కొలిస్తే డయాటమ్ (నీళ్ళలో బతికే, గాజు పెంకు ఉన్న ఏకకణ శైవలం) జాతి తేలిపోతుందన్న మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేను. డయాటమ్ విభజన చెందినప్పుడు పాత గాజు పెంకులో ఒక్కో సగం ఒక్కో పిల్లకు వెళ్తుంది, కొత్త సగం దాని లోపలే తయారవుతుంది కాబట్టి చాలా జాతుల్లో తరాలు గడిచేకొద్దీ కణాలు చిన్నవైపోతాయి, మళ్ళీ ఆక్సోస్పోర్ అనే ఉబ్బి పెరిగే ప్రత్యేక కణం ఏర్పడితేనే పూర్తి సైజుకు వస్తాయి. అంటే ఒకే జాతిలో పెద్దదీ పొట్టిదీ రెండూ ఉంటాయి, చివర్ల ఆకారం కూడా కాస్త మారిపోతుంది. నేను మొదట్లో ఇలాగే ఒకే జాతిని రెండు పేర్లతో రాసుకున్నాను, నవ్వకండి!

దానికన్నా పెంకు మీద 10 మైక్రాన్లలో ఎన్ని చారలున్నాయో లెక్కపెట్టడం నయం, పొడవు తగ్గినా అది పెద్దగా మారదు. అదైనా పెరాక్సైడ్‌తోనో ఆమ్లంతోనో కణంలోని పదార్థమంతా పోగొట్టి, నాఫ్రాక్స్ లాంటి పారదర్శక జిగురులో స్లైడ్ చేస్తేనే సరిగ్గా కనబడుతుంది. ఒక్క కణం చూసి పేరు పెట్టేయకుండా ఓ ఇరవై ముప్పై కొలవండి.

సెల్లాఫోరా ప్యూపులా అనే డయాటమ్ సంగతే చూడండి. ఒకే జాతి అనుకున్నది కాస్తా, ఎడిన్‌బరోలోని బ్లాక్‌ఫర్డ్ చెరువులో పక్కపక్కనే బతికే రకాలు ఒకదానితో ఒకటి జతకట్టవని తేలి, 2004లో డయాటమ్ పరిశోధకుడు డేవిడ్ మాన్ బృందం విడివిడి జాతులుగా పేర్లు పెట్టింది. అందులో ఒకదాని పేరు ఆల్డ్‌రీకీ, ఎడిన్‌బరో ముద్దుపేరే! ఇలాంటి చోట జాతుల్ని వేరుచేయడానికి పోల్చి చూసే ఆర్‌బీసీఎల్ (rbcL) జన్యువు కూడా చూడాల్సిందే.