స్ట్ర్‌కంప్ గారికి ఒక మనవి

అయ్యా స్ట్ర్‌కంప్ గారూ,

సి అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు, పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పే ఫంక్షన్, పెద్దమనిషి మీరు (strcmp). తీర్పు మీద మాకు అనుమానం లేదు, చెప్పే తీరు మీదే గొడవ.

రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే మీరిచ్చేది సున్నా. అదే సి భాషలో సున్నా అంటే ఫాల్స్, అంటే ‘కాదు’. పాపం, అమీర్‌పేటలో కొత్తగా సి నేర్చుకుంటున్న కుర్రాడు ‘అవునా, కాదా’ అని చూసే ఇఫ్ పక్కన మిమ్మల్ని నిలబెడతాడు. పాస్‌వర్డ్ తప్పు కొట్టినవాడికి తలుపు తీస్తారు, సరిగ్గా కొట్టినవాణ్ణి గెంటేస్తారు. సీనియర్లేమో మీ ముందు జవాబును తిరగేసే ఒక ఆశ్చర్యార్థకం (!) తగిలించి, ‘ఇప్పుడు సరిపోయింది’ అంటారు. చూసేవాడికి ఆశ్చర్యమే మిగులుతుంది.

సమానం కాకపోతే మీరిచ్చేది మైనస్సో ప్లస్సో: మొదటిది చిన్నదైతే మైనస్సు, పెద్దదైతే ప్లస్సు. ఎంత మైనస్ అని మాత్రం అడక్కూడదు. ఒకచోట 1, ఇంకోచోట 17. కట్నం ఎంతంటే ‘మీ ఇష్టం’ అనే మగపెళ్ళివారిలాగా మీరు అంకె చెబుతారు కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు!

తీసుకుంటే ఏమవుతుందో 2012లో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అనే డేటాబేస్‌లు చూశాయి. వాటిలో పాస్‌వర్డ్ సరిచూసే పని, మీలాగే పోల్చి చెప్పే మీ తమ్ముడు మెమ్‌కంప్‌ది. ఆయనిచ్చిన జవాబును 256 విలువలు మాత్రమే పట్టే ఒక్క బైట్‌లో కుక్కారు. కొన్ని బిల్డ్‌లలో, అంటే తయారుచేసిన ప్రోగ్రామ్ కాపీల్లో, ఆయన పెద్ద పెద్ద అంకెలు ఇచ్చేవాడు. 256ని ఒక బైట్‌లో కుక్కితే మిగిలేది సున్నా, సున్నా అంటే ‘ఒకటే’. దాంతో ఏ చెత్త పాస్‌వర్డ్ కొట్టినా 256 సార్లలో సుమారు ఒకసారి లోపలికి రానిచ్చేసింది. యూజర్ పేరుగా రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) అని తెలిస్తే చాలు, మూడొందల ప్రయత్నాలకు సెకను కూడా పట్టదు. తప్పు తమ్ముడిది కాదు, అంకె కాదు, మైనస్సా ప్లస్సా సున్నానా అన్నది మాత్రమే చూడమని ముందే రాసుంది అంటారు. నిజమే. మాన్యువల్ చదివేవాళ్ళు ఎంతమంది లెండి!

అన్నట్టు, మీ ‘చిన్నది, పెద్దది’ కూడా బైట్ల లెక్కే. మా పలక మీద ‘ళ’ వచ్చేది ‘హ’ తర్వాత. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో దాన్ని ‘వ’ కంటే ముందే కూర్చోబెట్టారు కాబట్టి, మీ లిస్టులో కావ్య కంటే కాళి ముందుంటుంది. కావ్యకు ఏం జవాబు చెబుతారు?

పీహెచ్‌పీ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో మీ పేరే పెట్టుకున్న ఫంక్షన్ 8.2 వెర్షన్ నుంచి బుద్ధిగా మైనస్ 1, 0, 1 మాత్రమే ఇస్తోంది. మీరూ ఆలోచించండి.

ఇట్లు,
కోడ్ రివ్యూలో ‘ఈక్వల్స్ జీరో అని పూర్తిగా రాయండి బాబూ’ అని కామెంట్లు పెట్టీ పెట్టీ విసిగిన ఒక ప్రోగ్రామర్